ఈ అద్దం అందరిదీ కాదా?

సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "కంప్యూటర్ యుగం – మానవ ప్రగతి" అని పేరు పెట్టి ఒక వ్యాసం మొదలుపెట్టాను. రెండు పేరాలు బాగానే నడిచింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లొచ్చాక ఆ కాగితం చించేశాను. ప్రగతి సరే, ఎవరి ప్రగతి అన్న ప్రశ్న అడ్డం వచ్చింది. ఆ ప్రశ్న వేసింది ఏ మేధావో కాదు, మా పెదనాన్న. ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతులు రాస్తున్నాను.

పెదనాన్నకు అరవై ఆరేళ్లు. నీటికాసుల జబ్బుతో ఎనిమిదేళ్ల కిందట రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. అయినా ఇవాళ్టికీ మా చేలో మోటరు ఆయనే వేస్తాడు. గట్టు వెంట కర్రతో నడిచివెళ్లి, తుండుగుడ్డతో చెయ్యి పొడిగా తుడుచుకుని, స్టార్టరు పెట్టె తడిమి పై బటన్ నొక్కుతాడు. పెట్టె మీద మూడు ఫేజులకూ మూడు రంగుల దీపాలుంటాయి. అవి ఆయనకు కనబడవు. కానీ ఒక ఫేజు లేకపోతే మోటరు తిరగకుండా మూలుగుతుంది. ఆ మూలుగు చెవిన పడిందో లేదో కింది బటన్ నొక్కేస్తాడు. దీపం చూసి మేము గ్రహించేలోపే ఆయన మోటరు కాలిపోకుండా కాపాడిన రోజులున్నాయి.

ఆ స్టార్టరు పెట్టెను చూపులేనివాళ్ల కోసం ఎవరూ తయారుచెయ్యలేదు. అయినా అది ఆయనకు పనికొస్తోంది. ఎందుకని? అది చెప్పే సంగతి ఒక్క కంటికే చెప్పదు. బటన్ వేలికి తగులుతుంది. మోటరు చెవికి వినబడుతుంది. ఒక దారి మూసుకుపోతే రెండోది తెరిచి ఉంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా నిజానికి ఈ ఒక్క మాటే. యంత్రానికీ మనిషికీ మధ్య మాటలు నడిచే చోటును ఇంటర్‌ఫేస్ అంటున్నాం. ఆ చోట ప్రతి సమాచారమూ కనీసం రెండు ఇంద్రియాలకు అందాలి. ఇంతే సూత్రం.

ఇక ఫోను సంగతి. మొన్నమొన్నటిదాకా పెదనాన్న దగ్గర బటన్ల ఫోను ఉండేది. అందులో 5 అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని బొటనవేలితో పట్టుకుంటే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6. మిగతావన్నీ లెక్క ప్రకారం దొరుకుతాయి. మన కంప్యూటర్ ల్యాబులో కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల దగ్గర ఉండే గీతలు కూడా ఇటువంటివే. రోజూ వాటి మీద వేళ్లు పెడతాం, ఎందుకున్నాయో ఆలోచించం. ఆ ఫోను పాడైపోతే హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య మంచి ఫోను కొని పంపించాడు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తడిమి పెదనాన్న అన్నమాట ఇది:

"ఇదేంట్రా, కిటికీ అద్దం ముక్కలా ఉంది. మెట్టా లేదు, పల్లమా లేదు. ఎక్కడని నొక్కేది?"

డబ్బు కథ కూడా అలాగే అయింది. నోటు చేతిలో ఉన్నంతకాలం పెదనాన్నను ఎవరూ మోసం చెయ్యలేకపోయేవారు. పాత వరుసలో వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, అయిదువందలది 167. పది మిల్లీమీటర్ల తేడా వేలికి సులువుగా తెలిసేది. 2016 నవంబరు తర్వాత వచ్చిన కొత్త వరుసలో 100, 200, 500 నోట్ల పొడవులు 142, 146, 150. వెడల్పు మూడింటికీ ఒక్కటే. నాలుగు మిల్లీమీటర్ల తేడాను వేలితో పట్టుకోవడం ఎంత కష్టమో ఎవరైనా కళ్లు మూసుకుని ప్రయత్నించవచ్చు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు వేశారు, నిజమే. వందకు నాలుగు, అయిదువందలకు అయిదు. కానీ పదిమంది చేతులు మారి నలిగిన నోటు మీద ఆ గీతలు అరిగిపోతాయి. నోటును కెమెరా ముందు పెడితే విలువ పైకి చెప్పే ‘మణి’ అనే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చింది. మంచిదే. కానీ ఆ యాప్ ఉండేది కూడా ఆ అద్దంలోనే కదా!

మొన్న పండక్కి పెదనాన్న నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచాడు. "ఒరే అబ్బాయి, మీ అక్కకు రెండువేలు పంపించు. మీ దొడ్డమ్మకు చెప్పబాక" అన్నాడు. ఆయన పిన్ నెంబరు నాకు తెలుసు. చెప్పక తప్పక చెప్పాడు. పంపించాను. కాసేపు ఊరుకుని, "నోట్లున్న రోజుల్లో ఎవరికీ చెప్పకుండా దాని చేతిలో పెట్టేవాణ్ణిరా. ఇప్పుడు కూతురికివ్వాలన్నా నీ ఎదట నోరు విప్పాల్సొస్తోంది" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అంతవరకూ నేను పెదనాన్నకు ఎంతో సాయం చేస్తున్నానని గర్వంగా ఉండేవాణ్ణి. పక్కవాడు సాయం చేస్తాడులే అన్నది మనం చాలా తేలిగ్గా అనేమాట. ఆ సాయం అందుకునేవాడు దానికి బదులుగా తన గుట్టు అప్పగించుకుంటున్నాడని మనకు తోచదు. అరవై ఆరేళ్ల మనిషి రెండువేల రూపాయల రహస్యం దాచుకోలేని స్థితిని ప్రగతి అనగలమా?

ఆ రాత్రే ఫోను సెట్టింగుల్లో వెతికాను. ‘టాక్‌బ్యాక్’ అని ఒక సదుపాయం ఉంది. దాన్ని తెరిస్తే ఫోను మాట్లాడుతుంది. వేలితో పక్కకు జరిపితే ఒక్కొక్క అంశమే పేరు చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు లెక్క. తెలుగులో కూడా చదువుతుంది. ఐఫోనుల్లో ఇటువంటిదే ‘వాయిస్‌ఓవర్’ 2009 నుంచీ ఉంది. అంటే పెదనాన్న చేతిలోని అద్దానికి మొదటినుంచీ నోరుంది! దాన్ని తెరవాలని మాలో ఎవరికీ తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతే. పదిహేను రోజుల్లో పెదనాన్న ఫోనులు చెయ్యడం, వచ్చిన మెసేజీలు వినడం నేర్చుకున్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒక పథకం కోసం ఒక యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అది ఎవరిదో ఇక్కడ అనవసరం. దాన్ని తెరవగానే ఫోను "లేబుల్ లేని బటన్… లేబుల్ లేని బటన్…" అంటూ జపం మొదలుపెట్టింది. ఏది ముందుకో, ఏది వెనక్కో, ఏది రద్దో తెలియదు. తర్వాత వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చెయ్యమంది. ఆ బొమ్మను వినిపించే ఏర్పాటు లేదు. చివరికి ముఖాన్ని గుండ్రంలో నిలబెట్టి కన్ను ఆర్పమంది. చూపులేని మనిషిని! ఫోను మాట్లాడటానికి సిద్ధంగా ఉంది. పెదనాన్న వినడానికి సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో యాప్ తయారుచేసినవాడు బటన్‌కు పేరు రాయలేదు, అంతే. ఒక్క వాక్యం రాయని పాపానికి ఒక మనిషి గుమ్మం బయట నిలబడిపోయాడు.

ఆ వాక్యాన్ని రాయడం ఎంత పనో కంప్యూటర్స్ చదివే మిత్రులకు తెలుసు. వెబ్ పేజీలో బొమ్మ పెట్టేటప్పుడు ‘ఆల్ట్’ అని ఒక మాట ఉంటుంది. అక్కడ ఆ బొమ్మేమిటో రాస్తే, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని పైకి చదువుతుంది. మనకది రెండు మార్కుల ప్రశ్న. నేను రాశాను, రెండుకు రెండూ తెచ్చుకున్నాను. పోయిన సంవత్సరం మన సైన్సు ఫెస్టుకు వెబ్ పేజీ తయారుచేసిందీ నేనే. అందులో పద్నాలుగు బొమ్మలు. ఒక్కదానికి కూడా ఆల్ట్ రాయలేదు. పరీక్షలో రాశాను, పనిలో రాయలేదు. కాబట్టి ఎవర్నో వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. ఇటువంటి తప్పులు దుర్మార్గులు చేసేవి కావు. నాలాంటివాళ్లు తొందరలో చేసేవి.

ఇది కళ్ల సంగతి మాత్రమే కాదు. చెవులకు కూడా ఇదే సూత్రం. వినికిడి లేని విద్యార్థి మన తరగతిలో కూర్చున్నాడనుకోండి. పాఠాల వీడియోలకు కింద అక్షరాలు లేకపోతే అతనికి అవి మూగ బొమ్మలు. బ్యాంకు కార్డు పోతే ‘ఈ నెంబరుకు ఫోను చెయ్యండి’ అని మాత్రమే రాసి ఉంటే అతనేం చెయ్యాలి? స్టేషనులో రైలు ప్లాట్‌ఫారం మారిందని మైకులో మాత్రమే చెబితే? ఆ మాటే బోర్డు మీద కూడా కనబడితే చాలు. ఇక రంగుల విషయం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మనమధ్యే ఉన్నారు. తప్పు నింపిన గడిని ఎర్రగా చూపించి ఊరుకుంటే వాళ్లకు అర్థం కాదు, ‘ఇది తప్పు’ అని మాటల్లో కూడా చెప్పాలి. తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషనైపోయింది. చూపు మందగించినవారికి అవి కనబడవు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆ ప్రమాణాల తొలి ప్రతి 1999లోనే వచ్చింది. అంటే నాకన్నా వయసులో పెద్దది.

దీనికి మామూలుగా చెప్పే అభ్యంతరాలు రెండు. మొదటిది, అటువంటివాళ్లు ఎంతమంది ఉంటారని? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 50 లక్షలు, వినికిడికి సంబంధించి మరో 50 లక్షల పైచిలుకు. వీళ్లు కాక శుక్లాలు వచ్చిన తాతలు, చెవుడు వచ్చిన అమ్మమ్మలు. వాళ్లను ఎవరూ ఆ లెక్కలో వెయ్యరు. బతికి బాగుంటే రేపు మనమూ అంతే! రెండోది, ఖర్చు. ఇల్లు కట్టాక గోడ పగలగొట్టి తలుపు పెట్టాలంటే ఖర్చే. పునాదినాడే తలుపు ఎక్కడో అనుకుంటే అదనంగా అయ్యేది చాలా తక్కువ. బటన్‌కు పేరు రాయడానికి డబ్బు అక్కరలేదు, జ్ఞాపకం కావాలి.

చట్టం కూడా లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షను సమాచార సాంకేతికత అందరికీ అందాలనే చెబుతోంది. అయితే దాని కింది నియమాలు సిఫార్సుల్లా మిగిలిపోయాయి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ సంగతే ఎత్తిచూపి, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు క్షేత్ర పరిశీలన నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు చెప్పింది. యాసిడ్ దాడికి గురైనవారూ, చూపులేని ఒక న్యాయవాదీ వేసిన కేసులవి. కన్ను ఆర్పమనే ఆ పరీక్ష మీదే! ఆ తీర్పు గురించి చదువుతుంటే నాకు పెదనాన్న ముఖం కనిపించింది. కానీ తీర్పు ఢిల్లీలో వస్తుంది, బటన్ పేరు మాత్రం ఎక్కడో ఒక గదిలో కూర్చున్న ఇరవై రెండేళ్ల ఉద్యోగి రాయాలి. రెండేళ్లు పోతే ఆ ఉద్యోగి మనలోనే ఒకడు.

ఇంకొక్క సంగతి. ఈ రంగంలో గొప్ప పనులు చేసింది చాలాసార్లు ఆ బాధ తెలిసినవాళ్లే. ఫ్రాన్సులో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల లిపి తయారుచేశాడు. అన్ని చుక్కలు ఒక్క వేలికొనకు అందవు. ఆ లోపం చూపున్న అధికారికి తట్టలేదు, చూపులేని లూయీ బ్రెయిల్‌కు తట్టింది. ఆరు చుక్కలకు తగ్గించి తన లిపిని రూపొందించేనాటికి, 1824లో, అతనికి పదిహేనేళ్లు. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ‘ఎన్‌వీడీఏ’ను 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, అతనితో కలిసి పనిచేసిన జేమ్స్ తే, ఇద్దరూ చూపులేని ఆస్ట్రేలియా యువకులే. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందుచేత వాళ్లకేం కావాలో మనమే ఊహించుకుని తయారుచెయ్యకుండా, ముందు వాళ్లను అడగాలి. నేను పెదనాన్నను ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

చివరగా మన కళాశాల మాట. మన యూనియన్ నోటీసులు కాగితం మీద రాసి ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నాం. మన హాస్టల్లో చూపులేని మిత్రులు ఇద్దరున్నారు. ఫీజు గడువు తేదీ కోసం వాళ్లు పక్క గది తలుపు తట్టాల్సివస్తోంది. అందుకని మూడు కోరికలు కోరుతున్నాను. నోటీసులు ఇకమీదట టైపు చేసి పెట్టండి, ఫోటో పెడితే కింద రెండు వాక్యాల్లో అదేమిటో రాయండి. కళాశాల పేరుతో పెట్టే వీడియోలకు కింద అక్షరాలు వెయ్యండి. మనం చేసే ప్రాజెక్టులు అప్పగించే ముందు ఒక పది నిమిషాలు కళ్లు మూసుకుని, మరో పది నిమిషాలు శబ్దం ఆపేసి వాడి చూడండి. ఎక్కడ ఆగిపోయామో అక్కడ ఒక మనిషి రోజూ ఆగిపోతున్నాడని గుర్తుపెట్టుకోండి.

సైన్సు ఫెస్టు పేజీలోని పద్నాలుగు బొమ్మలకూ మొన్న ఆదివారం కూర్చుని పేర్లు రాశాను. నలభై నిమిషాలు పట్టింది.