లెక్క చూపని శాస్త్రము

న్యాయస్థానమున సాక్షి యెంత ఘనుడైనను, ఎదిరిపక్షము ప్రశ్నించి చూడక మునుపు వాని వాక్కు ప్రమాణము కాదు. దస్తావేజు చూపక “నా మాట నమ్ముడు” అను కక్షిదారునకు డిక్రీ యిచ్చు న్యాయాధిపతి యుండడు. అట్లయ్యును, శాస్త్రలోకమున నేడు ఇట్టి సాక్ష్యములనేకము చెల్లుబాటగుచున్నవి. కొలతలకును ఫలితమునకును నడుమ కంప్యూటరు ప్రోగ్రాము నిలిచియున్నది. ఫలితము అచ్చగును, ప్రోగ్రాము మాత్రము తరచుగా పరిశోధకుని పెట్టెలోనే యుండిపోవును.

ఇందలి యనర్థమునకు నిదర్శనములు లేకపోలేదు. 2010 లో రైన్‌హార్టు, రోగాఫు అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు, ప్రభుత్వఋణము జాతీయోత్పత్తిలో నూటికి 90 వంతులు మించిన సంపన్నదేశముల సగటు వృద్ధి శూన్యమునకు దిగువన 0.1 శాతమని ప్రకటించిరి. ప్రజావ్యయమును కత్తిరింపగోరిన యూరపు, అమెరికా నాయకులకు ఈ పత్రము ఆయుధమయ్యెను. 2013 లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ లెక్కను మరల చేయబూనగా ఫలితము కుదరలేదు. ఆచార్యుల నడిగి ఎక్సెల్ పట్టికను తెప్పించి చూడగా, సగటు కట్టు సూత్రము 20 దేశములలో అయిదింటిని విడిచివేసినట్లు తేలెను. దానితోపాటు, విడిచిన సంవత్సరముల యంకెలను చేర్చి, సగటు కట్టిన పద్ధతిని మార్చగా వృద్ధి 2.2 శాతమయ్యెను. పట్టికలోని తప్పును ఆచార్యులొప్పుకొనిరి. తమ సిద్ధాంతమును విడువలేదు. అడిగినవానికి పట్టిక నిచ్చుట వారి కెంతయు గౌరవావహము. కాని యది పత్రముతోడనే వెలువడియున్నచో మూడేండ్లు పట్టియుండునా?

జెఫ్రీ ఛాంగ్ అను జీవశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో వాడుచుండిన సొంత ప్రోగ్రామొకటి రెండు వరుసల యంకెలను తారుమారు చేసెను. స్విట్జర్లాండు పరిశోధకులు భిన్నమైన ఫలితమును చూపిన పిమ్మట, 2006 లో తప్పు బయల్పడెను. అయిదు పత్రములను ఉపసంహరింపవలసి వచ్చెను. ఇందు మోసగాండ్రెవ్వరును లేరు. మంచివాని లెక్కలోనైనను తప్పు దొరలును గనుకనే లెక్క చూపవలెననుచున్నాము.

చేయవలసినది దుర్ఘటము కాదు. ప్రోగ్రామును పత్రముతో ప్రకటింపవలెను. అది యాధారపడు ఇతర ప్రోగ్రాముల వెర్షను సంఖ్యలను వ్రాసియుంచవలెను. యాదృచ్ఛిక సంఖ్యలను వాడినచో వాని యారంభసంఖ్యను తెలుపవలెను. ముడి యంకెలనుండి కడపటి పటమువరకు ఒక్క యాజ్ఞతో నడచునట్లు కూర్పవలెను. ఇతరులు వాడుకొనుటకు అనుమతిపత్రము జతపరుపవలెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ క్లేర్‌బౌట్ అను భూభౌతిక శాస్త్రజ్ఞుడు 1990 ప్రాంతముననే తన శిష్యులచే ఇట్టి నియమమును పాటింపజేసెను.

“మా ప్రోగ్రాము చిత్తుప్రతి వంటిది, పరులకు చూపదగినది కాదు” అందురు. చూపదగని చిట్టాను నమ్మి నిర్ణయము చేయుట తగునా? రోగుల వివరములు రహస్యమనుట న్యాయమే. కాని రహస్యము రోగులది, ప్రోగ్రాముది కాదు. కల్పితమైన యంకెలతో దానిని నడిపి చూపవచ్చును. ఇందుకు శ్రమయు కాలమును పట్టుననుట నిజము. ఆ శ్రమకు ఉద్యోగోన్నతిలో విలువ నీయకపోవుట పరిశోధకుని దోషము కాదు, సంస్థల దోషము.

మన దేశమున విద్యార్థులును పరిశోధకులును శాస్త్రపత్రికలను చదువుకొనుటకై, 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము మూడేండ్లకు సుమారు 6000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. మేము సంతోషించుచున్నాము. కాని పత్రమును చదివినంత మాత్రమున లెక్కను సరిచూచినట్లు కాదు. చదువుట కింత వెచ్చించు దేశము, తన ధనముతో తన పరిశోధకులు వ్రాసిన ప్రోగ్రాములను బయట పెట్టుమని యేల కోరరాదు? ప్రోగ్రామును దాఖలు చేసిన పిదపనే కడపటి వాయిదా సొమ్ము చెల్లించునట్లు విరాళసంస్థలు షరతు విధింపవలెనని మా యభిప్రాయము.

పంచాయతీ లెక్కను తనిఖీ చేయుటకు మనకు హక్కున్నది. పన్ను సొమ్ముతో సాగు పరిశోధనకు వేరు న్యాయము లేదు. లెక్క చూపనంతకాలము, ఎంతటి పండితుడు వ్రాసినను, అది కాకిలెక్క కాదని చెప్పగలవారెవరు?