పొడగరి ఎవడైతేనేం అనేవాళ్లకు

డాలస్‌లో ఉండే ఒక మిత్రుడు మొన్న ఫోన్లో ఎన్‌బీఏ మాట వచ్చినప్పుడు తేల్చి పారేశాడు: "రిజర్వ్ సెంటర్ అంటే స్టెపినీ అన్నా. ఏదో ఒకటి డిక్కీలో పడుంటే చాలు." అతనొక్కడి మాటే అయితే విని వదిలేసేవాణ్ణి. టీవీ విశ్లేషకులు, జట్లు నడిపే పెద్దలు, హైదరాబాద్‌లో తెల్లారగట్లే లేచి ఫైనల్స్ చూసే కుర్రాళ్లు, అందరిదీ ఇదే పాట. డబ్బంతా ముగ్గురు నలుగురు స్టార్లకు పోయండి, సెంటర్ వెనకాల మినిమమ్ జీతానికి ఒక ఏడడుగులవాణ్ణి కూర్చోబెట్టండి, ఏడాది తిరగ్గానే మార్చేయండి. దీన్ని తెలివి అంటున్నారు. నేను శుద్ధ బద్ధకం అంటాను.

ఈ జాడ్యం 2015 ఫైనల్స్‌లో ముదిరింది. క్లీవ్‌లాండ్‌తో నాలుగో ఆటలో గోల్డెన్ స్టేట్ కోచ్ స్టీవ్ కెర్ ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను బెంచీకి పంపి ఆండ్రీ ఇగ్వడాలాను తొలి ఐదుగురిలోకి తెచ్చాడు. కప్పు వచ్చింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఇగ్వడాలాకు వచ్చింది. ఇక పొడగరుల కాలం చెల్లిపోయిందని లోకం తీర్మానించేసింది. పొడుగు తక్కువైనా సెంటర్లను కాయగల డ్రేమండ్ గ్రీన్ లాంటివాడు ఉంటేనే ఆ పద్ధతి నిలబడుతుందని, అలాంటివాడు మరో జట్టులో లేడని ఒక్కరూ ఆగి చూడలేదు.

మరుసటి ఏడాది ఏం జరిగిందో ఎందుకు చెప్పుకోరు? 73 ఆటలు గెలిచిన ఆ జట్టే 2016 ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం చేతిలో పెట్టుకుని అదే క్లీవ్‌లాండ్‌కు ఓడిపోయింది. గ్రీన్ సస్పెన్షన్ గురించి, క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ వెనక నుంచి వచ్చి కొట్టిన బ్లాక్ గురించి, కైరీ ఇర్వింగ్ షాట్ గురించి కథలు కథలుగా చెబుతారు. అయిదో ఆటలో బోగట్ మోకాలు దెబ్బతిని సిరీస్‌కే దూరమయ్యాడన్న సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. అతని చోటుకు మిగిలిందెవరు? ఫిబ్రవరిలో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఫెస్టస్ ఎజీలీ, అదే నెలలో క్లీవ్‌లాండే వదిలించుకున్న ఆండర్సన్ వరెజావ్. ఏడో ఆట మొదలుపెట్టింది ఎజీలీ. ఒక్క బుట్టా వేయలేదు. చివరి ఆరు నిమిషాల్లో, 87-83తో గోల్డెన్ స్టేట్ ముందుండగా, అతను లెబ్రాన్‌కు ఎదురుపడ్డాడు. మూడు పాయింట్ల షాట్ మీద ఫౌల్ చేశాడు, లెబ్రాన్ మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. తర్వాత అతని నెత్తి మీదుగానే మరో మూడు. ఒక్క మనిషి మీద ఆరు పాయింట్లు. ఆట తేడా ఎంత? 93-89. నాలుగు. ఇది చూసి కూడా ఎవడైతేనేం అనేవాడితో ఏం వాదించాలి?

2017, 2018ల్లో అదే జట్టు చవగ్గా దొరికిన పచూలియా, డేవిడ్ వెస్ట్, జవేల్ మగీలతో గెలిచింది కదా అంటారు. కెవిన్ డ్యురాంట్ వచ్చి చేరిన జట్టు అది. ఆ ఉదాహరణ ఇంకెవరికీ పనికిరాదు.

పొడుగంటే సంతలో సరుకు అనుకునేవాళ్లు మన సత్నాం సింగ్‌నైనా గుర్తు చేసుకోవాలి. పంజాబ్ పల్లె నుంచి వెళ్లిన ఏడడుగుల రెండంగుళాల కుర్రాడు. 2015లో డాలస్ అతన్ని 52వ పిక్‌గా తీసుకుంది. ఎన్‌బీఏలో ఎంపికైన తొలి భారతీయుడని దేశమంతా పొంగిపోయాం. ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడలేదు. తప్పు అతనిది కాదు. స్క్రీన్ ఎప్పుడు పెట్టాలి, పిక్ అండ్ రోల్‌లో ఎంత ముందుకు రావాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, ఇవన్నీ ఏళ్ల తరబడి ఎవరో పక్కనుండి నేర్పితే వచ్చే పనులు.

నా అసలు మంట డెన్వర్ మీద. నికోలా జోకిచ్ లాంటి సెంటర్ దొరకడమే అదృష్టం. అతను కూర్చున్న ఆ పది నిమిషాలు ఎవరు ఆడాలన్నది తేల్చుకోవడానికి ఆ జట్టుకు ఏళ్లు పట్టింది. 2020లో ఐజయా హార్టెన్‌స్టైన్ అనే కుర్రాణ్ణి అదే పని కోసం తెచ్చుకున్నారు. కొద్ది నెలలైనా ఓపిక పట్టలేదు. 2021 మార్చిలో అతన్ని, పైగా రెండు రెండో రౌండ్ పిక్‌లను క్లీవ్‌లాండ్ చేతిలో పెట్టి జవేల్ మగీని తెచ్చుకున్నారు. ఆ వేసవిలోనే మగీ ఫీనిక్స్‌కు వెళ్లిపోయాడు. 2023లో కప్పు గెలిచాక జీక్ నాజీకి నాలుగేళ్లకు 32 మిలియన్ డాలర్లు రాసిచ్చి, సరిగ్గా ఆడించనే లేదు. ప్లేఆఫ్స్‌లో ఆ నిమిషాలు ఫార్వర్డ్ ఏరన్ గార్డన్ నెత్తిన పడ్డాయి.

2024లో మిన్నెసోటాతో ఏడో ఆట, సొంత మైదానంలో, ఇరవై పాయింట్ల ఆధిక్యం. 98-90తో ఓడారు. అవతలి జట్టులో రూడీ గోబేర్, కార్ల్ ఆంటొనీ టౌన్స్, వాళ్ల వెనక ఆ ఏడాది ఉత్తమ ఆరో ఆటగాడైన నాజ్ రీడ్. 2019లో ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయని రీడ్‌ను మిన్నెసోటాయే పెంచి పెద్ద చేసి దగ్గర పెట్టుకుంది. ఒకప్పుడు డెన్వర్‌లో జోకిచ్‌ను ఎంపిక చేసిన టిమ్ కొనెలీయే 2022లో మిన్నెసోటాకు వెళ్లి గోబేర్‌ను తెచ్చాడు.

2025లో ఇంకా ఘోరం. డెన్వర్‌ను ఏడు ఆటల్లో ఇంటికి పంపిన ఓక్లహోమా సిటీలో సెంటర్ ఎవరు? డెన్వర్ వదిలేసిన హార్టెన్‌స్టైనే. ఆ జట్టే కప్పు కొట్టింది. ఏడో ఆటలో జోకిచ్‌ను ఆపింది ఆ జట్టు గార్డ్, పొట్టివాడైన కరూసో కదా అని వాదించే ఘనులున్నారు. ముందు కరూసో ఉంటే, వెనక సాయానికి ఏడడుగుల హోమ్‌గ్రెన్ కాచుకుని ఉన్నాడు. ఆ కాపు లేకపోతే కరూసో ఆట సాగేదా?

న్యూయార్క్ మాత్రం తక్కువ తిందా? హార్టెన్‌స్టైన్‌ను 2022లో రెండేళ్లకే రాయించుకున్నారు. అతను పెరిగాడు, మిచెల్ రాబిన్‌సన్ చీలమండ గాయంతో పడిపోతే జట్టును మోశాడు. తీరా 2024లో నిబంధన అడ్డం వచ్చింది. రెండేళ్లే ఉన్నవాడికి పాత జీతం మీద 175 శాతం లెక్కకు మించి ఇవ్వడానికి లేదు. వాళ్లు ఇవ్వగలిగింది నాలుగేళ్లకు సుమారు 72.5 మిలియన్లు. ఓక్లహోమా సిటీ మూడేళ్లకే 87 ఇచ్చింది. మొదట్లోనే మూడో ఏడాది కలిపి రాయించుకుంటే ఈ అడ్డే ఉండేది కాదు.

లేకర్స్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 2020లో మగీ, డ్వైట్ హోవర్డ్‌లతో గెలిచారు, గెలవగానే ఇద్దరినీ వదిలేశారు. 2025లో నిలబడగలిగిన సెంటరే లేక, మిన్నెసోటాతో అయిదో ఆటలో గోబేర్‌కు 27 పాయింట్లు, 24 రీబౌండ్లు సమర్పించుకున్నారు.

మరి ఎవరిని ఉంచుకోవాలి? మొదటి సెంటర్‌కు నకలును మాత్రం వద్దు. అతను షూటరైతే వెనకున్నవాడు బుట్ట కాచేవాడు కావాలి, అతను బుట్ట కాస్తే రెండోవాడు పాస్ ఇవ్వగలిగినవాడు. మూడోవాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు, సొంత కోచ్‌ల చేతుల్లో పెరగాల్సినవాడు. ముగ్గురికీ కలిపి ఎంత డబ్బన్నది జట్టు జట్టుకూ మారుతుంది. కాంట్రాక్టు మాత్రం మూడేళ్లకు తగ్గకూడదు. డెన్వర్ 2025 వేసవిలో ఎట్టకేలకు సాక్రమెంటో నుంచి యోనస్ వలన్‌చూనస్‌ను తెచ్చుకుంది. అప్పటికి ముప్పై మూడేళ్లవాడు. జోకిచ్‌కు ముప్పై దాటాక చేపట్టిన ఈ పని అతనికి ఇరవై ఆరున్నప్పుడు, హార్టెన్‌స్టైన్ ఇంకా వాళ్ల బెంచీ మీదే ఉన్నప్పుడు పట్టించుకోవాల్సింది.