ఎండలో చూడబాకండి!

సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన ఈ తెలుగు పంతులుకు కారు రంగుతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. కాని నవ్వి ఊరకుండక ఈ నాలుగు మాటలూ చివరివరకు చదవండి. ఆయుధపూజ పేరిట ఏటేటా మన వీధులలో వాహనాల మీద జరిగే ఒక దౌర్జన్యాన్ని గూర్చి చెప్పక తప్పడం లేదు.

పదవీ విరమణ చేసిన యేడు ముదురు నీలిరంగు కారొకటి కొన్నాను. నిరుడు ఆయుధపూజకు రెండు రోజుల ముందు, మెరుగు పెట్టించడానికి దానిని నెల్లూరులో ఒక దుకాణానికి తీసికొనిపోయాను. అక్కడి కుర్రవాడు పొడిగుడ్డతో నాలుగు దులుపులు దులిపి, తెల్లని లేపనం పూసి, యంత్రం తిప్పాడు. అరగంటలో బండి అద్దమై కూర్చున్నది. మురిసిపోయి అడిగినంత ఇచ్చి వచ్చాను. మరునాటి ఉదయం మనుమరాలిని వెంటబెట్టుకొని మైపాడు సముద్రతీరానికి వెళ్ళాను. ఎండ బానెట్టు మీద పడగానే "తాతయ్యా, సాలెగూడు!" అన్నది ఆ పిల్ల. నిజమే. సూర్యుని ప్రతిబింబం చుట్టూ వందలకొద్దీ సన్నని గీతలు. తుడిస్తే పోయేవి కావు. తిరిగి వెళ్ళి అడిగితే దుకాణదారు ఇచ్చిన సమాధానం ఇది: "ఎండలో చూడబాకండి సార్. నీడలో చూడండి, బ్రహ్మాండంగా ఉంటది."

ఎండలో చూడకూడని మెరుగు దేనికండీ? బండి తిరిగేది ఎండలోనే గదా!

ఆ కోపంలో పుట్టిన జిజ్ఞాసతో తెలిసినవారిని అడిగి, చదివి, స్వయంగా చేసి చూశాను. తేలినది ఒక్కటే. మెరుగు పెట్టడం కష్టమైన పని కాదు. మెరుగుకు రంగును సిద్ధం చేయడమే అసలు పని. ఆ అసలు పనికి మనం కూలి ఇవ్వము. మెరుపుకే ఇస్తాము. అందుచేత ఎవడూ శుద్ధి చేయడు.

ముందుగా ఒక గందరగోళం తొలగించాలి. పాలిష్, మైనం రెండూ ఒకటే అనుకొనేవారు చదువుకొన్నవారిలోనూ ఉన్నారు. మా వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే పాలిష్ లోపం, మైనం ఆగమం. పాలిష్‌లోని సన్నని రాపిడి పొడి పైపూతను కొంచెంగా అరగదీసి చదును చేస్తుంది. మైనం దానిపై క్రొత్తగా ఒక పలుచని పొరను చేరుస్తుంది. నేటి కార్ల రంగుపైన ఉండే పారదర్శకమైన పూత మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంటే మనం అరగదీస్తున్నది వెంట్రుకకంటె పలుచని ఆస్తిని! అది ఒకసారి పోతే మళ్ళీ మొలవదు.

ఇక ధూళి సంగతి. మన తీరపు ఇసుకలో అధికభాగం స్ఫటికం. కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో దాని స్థానం 7. గాజుకంటె గట్టిది, రంగుపూత దాని ముందు వెన్నముద్ద. అట్టి ఇసుకరేణువులు గుడ్డక్రింద ఉండగా రుద్దడమంటే, చేతితో చేసినా యంత్రంతో చేసినా, గరుకు కాగితంతో రుద్దడమే. దానికితోడు సముద్రపు గాలిలో ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని, బండి మీద కంటికి కనబడని జిగటగా నిలుస్తుంది. రొయ్యల బండ్లనుండి కారిన ఉప్పునీరు, కృష్ణపట్నం దారిలో బొగ్గు లారీల నుసి, పదహారవ నంబరు జాతీయ రహదారి మీద వేసవిలో చిందే తారు, బ్రేకులనుండి రాలిన ఇనుపరజను - ఇన్ని ఉపచారాలు అందుకొన్న బండిని పొడిగుడ్డతో తుడిచి మైనం పూస్తే, ఆ మలినాలన్నింటికీ మనమే కవచం తొడిగినట్లు.

మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. నా చిన్నతనంలో కళాయి పూసే సాయిబుగారు మా వీధి అరుగుప్రక్కన కొలిమి పెట్టేవారు. పాత్రను ఇసుకతో రుద్ది, కాచి, నవాసాగరం చల్లి తుడిచి, లోహం తళుక్కుమన్న తరువాతనే తగరం ముట్టించేవారు. మురికి మీద తగరం అంటదు. మన ఇల్లాండ్రు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఆ తరువాతనే ముగ్గు వేస్తారు. ఇల్లలకగానే పండుగ కాదన్నారు, నిజమే. ఇల్లలకకుండా మాత్రం ఏ పండుగ వచ్చింది?

మరి చేయవలసిన క్రమమేమిటి? నేను చేసి చూచినదే చెబుతాను.

బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడిన తరువాత, చేయి తగిలించకుండా ముందు నీళ్ళు పోయాలి. సగం ఇసుక అక్కడే జారిపోతుంది. తరువాత రెండు బక్కెట్లు: ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో ఉత్తనీరు. మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో పైకప్పునుండి క్రిందికి కడుగుతూ, మాటిమాటికీ గుడ్డను ఉత్తనీటిలో జాడించి, ఆ తరువాతనే సబ్బునీటిలో ముంచాలి. పని ముగిశాక ఆ ఉత్తనీటి బక్కెట్టు అడుగున చూడండి. అక్కడ పేరుకొన్న ఇసుక మీ రంగును గీయవలసిన ఇసుక. బట్టల సబ్బుపొడీ, అంట్లు తోమే పొడీ దరి చేరనీయవద్దు.

తీరగ్రామాల బోరునీరు చాలచోట్ల ఉప్పన. ఆ నీరు బండి మీదనే ఆరితే తెల్లని మచ్చలు కడతాయి. కడపటి తడుపుకు మంచినీరు ఒక బిందెడు దాచుకొని, ఆరకముందే మెత్తని గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు, అద్దాలి.

ఇప్పుడు పరీక్ష. చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుగుకొని రంగు మీద మెల్లగా నిమిరి చూడండి. కంటికి శుభ్రంగా ఉన్న రేకు వ్రేళ్ళకు గరుకుగా తగులుతుంది. అవి నీటికి లొంగక పూతలో నాటుకొన్న రేణువులు. తారు మచ్చలకు తారు కరిగించే ద్రావకం, ఇనుపరజనుకు ఇనుమును కరిగించే ద్రావకం వాడాలి. రెండవది ఇనుము తగిలినచోట ఊదారంగుకు మారుతుంది. చూడడానికి వింతగా ఉంటుంది. ఆరనీయకుండా కడిగివేయాలి. మిగిలినవాటికి క్లే అనే బంకముద్ద. జపాను దేశీయుడు తడావో కొడాటె 1995లో అమెరికాలో దీనికి పేటెంటు పొందాడు. జారుడు ద్రవం ధారాళంగా చల్లి, ఒత్తకుండా, ముద్దను అటూ ఇటూ నడపాలి. అది నేలమీద పడితే మోహపడక పారవేయండి. దానికి అంటిన ఇసుకను మీరు వదిలించలేరు.

ఆ తరువాత రబ్బరు, ప్లాస్టిక్ అంచులకు కాగితపు టేపు అంటించి, అవసరమైతేనే పాలిష్. ఒక మూల కొంచెం చేసి చూసి, చాలకపోతేనే గట్టి మందుకు వెళ్ళాలి. గుడ్డకు బండి రంగే అంటుకొంటూ ఉంటే దానికి పారదర్శకపు పూత లేదని గ్రహించి చేయి తేలిక చేసికోవాలి. పాలిష్‌లోని నూనె జిడ్డు తుడిచివేసిన తరువాతనే మైనం. ఇంతకుముందు చెప్పినవన్నీ కుదిరితే ఈ చివరి పని పసిపిల్లవాడైనా చేయగలడు.

దీనిమీద వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. "వేసవిలో త్రాగడానికే నీళ్ళు లేవు, బండ్లకు స్నానాలా?" అంటారు. న్యాయమైన మాట. గొట్టం పెట్టి గంటసేపు నీళ్ళు వదలమని నేను చెప్పలేదు. రెండు మూడు బక్కెట్లతో ముగించవచ్చు. నీళ్ళు లేని నెలలో దుమ్ముతోనే ఉండనీయండి. దుమ్ము ఊరక కూర్చున్నంతసేపు గీయదు. పొడిగుడ్డ దానిని నడిపినప్పుడే గీస్తుంది. "మేము సిరామిక్ పూత వేయించాము, మాకీ బాధ లేదు" అంటారు. ఆ పూతకు శుద్ధి మరింత అవసరం. మైనమైతే కొన్ని నెలలకు పోతుంది. అది క్రింది గీతలను సంవత్సరాల తరబడి భద్రపరుస్తుంది.

"పాపం, ఆ కుర్రవాడికేమి తెలుసు?" అనే ఆక్షేపణ ఒక్కటే నన్ను నిలవేసినది. నిజం. బండికింత అని కూలి తీసికొనే కుర్రవాడు రెండు గంటలు కడుగుతూ కూర్చుంటే సాయంత్రానికి ఏమి తింటాడు? అతని చేతిలో పొడిగుడ్డ పెట్టినది నేను. అరగంటలో కావాలన్నదీ నేనే. ముప్ఫైయేళ్ళు బడిలో ఇదే చూశాను. పదవ తరగతి మార్కుల ప్రకటనలలో ఫొటోలు వేస్తారు. ఆ పిల్లవాడిచేత ఒకటవ తరగతిలో అక్షరాలు దిద్దించిన అయ్యవారి పేరు ఎవరూ వేయరు. కనబడని పనికి మన దగ్గర గౌరవమూ లేదు, జీతమూ లేదు. అందుకే పైన పటారం, లోన లొటారం.

కాబట్టి నా విన్నపం కుర్రవాళ్ళకు కాదు, బండ్ల యజమానులకు. కడగడానికి వేరుగా కూలి ఇవ్వండి. ఎంతసేపు పడుతుందని కాక, ఎలా కడుగుతావని అడగండి. డబ్బు చెల్లించేముందు బండిని వెలుగులోకి తెప్పించండి. ఈ యేడు నేను మెరుగు పెట్టించలేదు. కడిగి, క్లే చేసి, మైనం పూసి ఊరకున్నాను. పాత గీతలు అలాగే ఉన్నవి. వాటిని పోగొట్టాలంటే మరికొంత పూతను అరగదీయాలి. దానికి నా మనసొప్పలేదు.

కాదనేవారుంటే రండి, వాదానికి సిద్ధంగా ఉన్నాను. ముందు మాత్రం మీ బండిని ఒకసారి ఎండలోకి తీసికొనివచ్చి చూడండి.