ఒక్క కొండయే పుట్టిల్లయిన పువ్వు



బతుకమ్మను పేర్చునపుడు మీ చేతికి వచ్చు బంతినో, చేమంతినో ఒకసారి విడదీసి చూడుడు. మనము ఒక్క పువ్వనుకొనునది ఒక్కటి కాదు. పెక్కు చిఱుపూలు ఒకే పీటపై చేరి కాపురము సేయు ఉమ్మడి కుటుంబము. అంచుననున్న ఱేకులు సైతము ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వే.

మన ఆలంపురమున బాటల వెంబడి మొలచు గడ్డిచేమంతియు ఈ వంశములోనిదే. చిన్న దెబ్బ తగిలినచో దీని యాకుపసరు పిండుదురు గనుక గాయపాకు అనియు పేరు. లోతు గాయమునకు మాత్రము వైద్యుడే శరణ్యము. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. గింజకు దూదివంటి కుచ్చుండుటచే గాలిలో తేలిపోయి, పడినచోటనెల్ల మెట్టినిల్లు చేసికొన్నది.

ఇదే వంశమున పుట్టియు పుట్టిల్లు విడిచి యెఱుగని యాడుబిడ్డ యొకతె కలదు. హవాయి దీవులలో మావీ యను ద్వీపమున, పదివేల యడుగుల యెత్తుగల హలెయకలా యను అగ్నిపర్వతముపై దక్క ఆమె మఱెక్కడను తనంత మొలవదు. ఆంగ్లమున సిల్వర్‌స్వర్డ్, అనగా వెండికత్తి, యందురు. ఆకులపైనున్న వెండివన్నె నూగు ఆమెను తీవ్రమైన యెండనుండి కాపాడును. పెక్కేండ్లు నేలనంటియుండి, తుదకొక్కసారి మనిషియెత్తు కాడనెత్తి, గుత్తులు గుత్తులుగా పూచి, విత్తులిచ్చి మరణించును.

ఇట్టి మొక్కను, కొండయెక్కితిమను గుర్తునకై యాత్రికులు పెఱికికొనిపోయిరి; మేకలును పశువులును మేసినవి. పూయకమునుపే పోయిన మొక్కకు సంతానమెక్కడిది? 1916లో ఆ ప్రాంతము జాతీయోద్యానమైన పిమ్మట, కాపాడినకొలది తేరుకొన్నది. అయినను 1992లో ముప్పునకు లోనైన జాతులలో చేర్చవలసివచ్చెను. ఇటీవల వేడిమి, అనావృష్టి మరల బాధించుచున్నవి.

శ్రీశైల జలాశయమున మునుగునని కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి మన ఆలంపురమునకు తెచ్చి మరల కట్టిరి. శిల గనుక అది సాధ్యమయ్యెను. తన కొండమన్నుతో, మంచుతో, తేనెటీగలతో పెనవేసికొన్న మొక్కను విప్పి వేఱొకచోట పేర్చుట యెవరి తరము?

కావున పండుగపూలకు పోవునపుడు పిల్లలకు రెండు మాటలు నేర్పుడు: పువ్వు కోయవచ్చును, వేరు పెఱుకరాదు, కొన్ని పూలు విత్తునకు విడువవలెను. గడ్డిచేమంతికి ఊరూర ఇల్లు కలదు. ఏ మొక్కకు ఒక్క ఇల్లే యున్నదో, కోయుచేతికి తెలియదు గదా!