అధ్యక్షుడి బదులు ఎవరు వెళ్ళారు?

మా గదిలో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన జనరల్ నాలెడ్జ్ పుస్తకం ఒకటుంది. అందులో అమెరికా అధ్యక్షుల పట్టికను పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టాం. సైన్యాన్ని నడిపి అధ్యక్షులైన వారెవరని అడిగితే వాషింగ్టన్, గ్రాంట్, ఐసెన్‌హోవర్ అని గడగడా అప్పజెప్పేస్తాం. ఒక రాత్రి భోజనాలయ్యాక ఈ పట్టిక మీదే వాదన లేచింది. తెల్లవారకముందే లేచి అగ్నివీర్ ర్యాలీ కోసం పరుగు తీసే మిత్రులు మాలో ఉన్నారు. ఒక్క రోజైనా తుపాకీ పట్టని మనిషి సైన్యాన్ని యుద్ధానికి ఎలా పంపుతాడని వాళ్ళ ప్రశ్న. వాదన ఆ రాత్రి తెగలేదు. తర్వాత దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాం. చివరికి మాకు తోచిన అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి. అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడే సర్వసైన్యాధిపతి. అయితే ఆ పదవికి ముందు సైన్యంలో పనిచేసి ఉండాలన్న నిబంధన లేదు. పనిచేసినంత మాత్రాన పాలన బాగుంటుందనీ లేదు. అంతర్యుద్ధం గెలిచిన గ్రాంట్ అధ్యక్షుడయ్యాక ఆయన పాలన అవినీతి కుంభకోణాలతో చెడ్డపేరు తెచ్చుకుంది. లింకన్ 1832లో కొన్ని వారాలు వాలంటీరు దళంలో ఉన్నాడు. అక్కడ తాను పోరాడింది దోమలతోనేనని తర్వాత కాంగ్రెస్‌లో తన మీద తానే జోకు వేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధాన్ని నడిపిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఏనాడూ సైనికుడు కాదు. మెకిన్లీ 1862లో యాంటీటమ్ యుద్ధంలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు. తుపాకీ గుళ్ళ మధ్య సైనికులకు వేడి కాఫీ, అన్నపానాలు మోసుకెళ్ళాడు. అందుకు ఆ యుద్ధభూమిలో ఆయనకు స్మారక స్తంభమే ఉంది. (ఈ మాట వినగానే మా మెస్ కమిటీ మిత్రులు తమకెప్పుడు కడతారని అడిగారు.)

కాబట్టి యూనిఫాం వేసుకున్నాడా లేదా అన్న దగ్గరే ఆగిపోతే మనకు తెలిసేది తక్కువ. మా వాదనను మలుపు తిప్పింది వేరొకాయన రికార్డు. గ్రోవర్ క్లీవ్‌లాండ్. 22వ, 24వ అధ్యక్షుడు. మధ్యలో ఒకసారి ఓడి మళ్ళీ గెలిచాడు కాబట్టి క్విజ్ పోటీల్లో తరచూ వచ్చే పేరు.

1863లో అంతర్యుద్ధానికి సైనికులు చాలక ఉత్తరాది ప్రభుత్వం నిర్బంధ భర్తీ చట్టం తెచ్చింది. లాటరీలో పేరు వస్తే వెళ్ళి తీరాలి. కానీ ఆ చట్టంలోనే రెండు తలుపులు తెరిచి ఉంచారు. ప్రభుత్వానికి 300 డాలర్లు కడితే వెళ్ళనక్కర్లేదు. లేదా తన బదులు ఇంకో మనిషిని పంపవచ్చు. 300 డాలర్లంటే అప్పట్లో ఒక కూలివాడి ఏడాది సంపాదనకు దగ్గర. ఇది ధనికుల యుద్ధం, పోరాడేది పేదలు అని జనం మండిపడ్డారు. ఆ జులైలో న్యూయార్క్‌లో అల్లర్లు చెలరేగాయి. ఆ అల్లర్లలో ఏ పాపం ఎరుగని నల్లవారిని చంపారు, నల్ల పిల్లల అనాథ శరణాలయాన్ని తగలబెట్టారు. చట్టం చేసింది ఒకరు, కోపం తీర్చుకున్నది ఇంకొకరి మీద. ఈ సంగతి చదివినప్పుడు మాకు కొత్తగా అనిపించలేదు.

అప్పటికి క్లీవ్‌లాండ్ బఫెలో ఊళ్ళో యువ న్యాయవాది. ఆయన పేరు వచ్చింది. పోలండ్ నుంచి వలస వచ్చిన జార్జ్ బెనిన్‌స్కీ అనే నావికుడికి 150 డాలర్లిచ్చి తన బదులు పంపాడు. మేము లెక్క వేశాం. అప్పటి సిపాయి జీతం నెలకు 13 డాలర్లు. అంటే ఒక ఏడాది జీతం కూడా కాని సొమ్ముకు ఒక మనిషి తన ప్రాణాన్ని పందెం కాశాడు. అదృష్టం బాగుండి బెనిన్‌స్కీ బతికి బయటపడ్డాడు.

క్లీవ్‌లాండ్ వైపు కూడా చెప్పాలి. ఆయనకు తండ్రి లేడు, తల్లిని, చెల్లెళ్ళను పోషించాలి. ఇద్దరు సోదరులు అప్పటికే సైన్యంలో ఉన్నారు. చట్టం తప్పలేదు. 1884 ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసిన బ్లెయిన్ కూడా బదులు మనిషిని పెట్టినవాడే. ఇదంతా ఒప్పుకుంటాం. కానీ అధ్యక్షుడయ్యాక ఈయనే మాజీ సైనికుల పింఛను బిల్లులను వందల సంఖ్యలో తిప్పికొట్టాడు. వాటిలో దొంగ అర్జీలు ఉన్న మాట నిజం. అయినా తన బదులు ఒకరు వెళ్ళిన మనిషి ఆ సంతకాలు పెట్టేటప్పుడు బెనిన్‌స్కీని ఒక్కసారైనా తలచుకున్నాడా అని మాలో మేము అడుక్కున్నాం.

వంద ఏళ్ళు గడిచాక వియత్నాం యుద్ధం వచ్చింది. అప్పటికి డబ్బు కట్టే తలుపు మూసేశారు. కాలేజీ తలుపు మాత్రం తెరిచి ఉంది. చదువుకుంటున్నానంటే పిలుపు వాయిదా పడేది. 2020లో ఒకరి మీద ఒకరు పోటీ చేసిన ట్రంప్, బైడెన్ ఇద్దరూ విద్యార్థులుగా ఆ వాయిదాలు పొందినవారే. తర్వాత ఒకరికి మడమ ఎముక, మరొకరికి ఉబ్బసం కారణమయ్యాయి. క్లింటన్ కూడా విద్యార్థి వాయిదాతో మొదలుపెట్టాడు, చివరికి 1969 లాటరీలో 311వ నంబరు వచ్చి గట్టెక్కాడు. చిన్న బుష్ 1968లో టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో చేరి విమానం నడపడం నేర్చాడు గానీ వియత్నాం వెళ్ళలేదు. తండ్రి అప్పటికే కాంగ్రెస్ సభ్యుడు. పలుకుబడితో చోటు దొరికిందా అన్న గొడవ 2004 ఎన్నికల దాకా నడిచింది.

మరి వెళ్ళిందెవరు? 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా ఒక పథకం పెట్టి, అంతకుముందు పరీక్షలో తప్పి సైన్యానికి పనికిరారన్నవారిని కూడా చేర్చుకున్నాడు. అలా మూడు లక్షల మందికి పైగా చేరారు. చాలామంది పేదలు, అందులో నల్లవారి వాటా ఎక్కువ. ఆ యుద్ధంలో 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. చనిపోయిన వియత్నాం ప్రజల లెక్క దానికి ఎన్నో రెట్లు. మరో విషయం గమనించాం. వియత్నాం వెళ్ళి వచ్చిన గోర్, కెర్రీ, మెకెయిన్ వరసగా 2000, 2004, 2008లలో పోటీ చేసి ఓడిపోయారు. ఆ యుద్ధభూమిని చూసిన సైనికుడు ఇంతవరకు ఒక్కడూ అధ్యక్షుడు కాలేదు. ముహమ్మద్ అలీ 1967లో వెళ్ళనని అందరి ముందు చెప్పాడు. బాక్సింగ్ టైటిల్ ఊడబెరికారు, అయిదేళ్ళ శిక్ష వేశారు. సుప్రీంకోర్టు 1971లో దాన్ని కొట్టేసేసరికి మంచి వయసు కొంత పోయింది. చాటుగా తప్పుకున్నవారికి పదవి, బాహాటంగా కాదన్నవాడికి శిక్ష. ఇది మాకు మింగుడు పడలేదు.

ధనవంతులందరూ తప్పించుకున్నారంటే అబద్ధమవుతుంది. కోటీశ్వరుడి కొడుకు కెన్నెడీ నడుము నొప్పితో పరీక్షలో తప్పితే తండ్రి పలుకుబడి వాడుకుని మరీ నౌకాదళంలో చేరాడు. 1943లో పడవ ముక్కలైతే గాయపడిన తోటివాడిని లైఫ్ జాకెట్ పట్టీ పళ్ళతో కరిచి పట్టుకుని ఈదుతూ ఒడ్డుకు చేర్చాడు. పెద్ద బుష్ పద్దెనిమిదో పుట్టినరోజునే చేరాడు. ట్రూమన్ చూపు ఆనక కంటి పరీక్ష చార్టు బట్టీ పట్టి చేరాడు.

ట్రూమన్ రికార్డులో మాకు అన్నిటికంటే నచ్చింది చార్టు సంగతి కాదు. 1946లో ఐజాక్ వుడార్డ్ అనే నల్ల సార్జెంటు యుద్ధం నుంచి ఇంటికి వెళ్తుండగా, ఒంటి మీద యూనిఫాం ఉండగానే, సౌత్ కరోలినాలో పోలీసులు కొట్టి రెండు కళ్ళూ పోగొట్టారు. ఆ సంగతి విని ట్రూమన్ కదిలిపోయాడు. 1948లో సైన్యంలో నల్లవారిని వేరు పెట్టే పద్ధతి పోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. సైన్యంలో ఉన్నందుకు ఒక అధ్యక్షుడు తీర్చుకోదగ్గ రుణం అలాంటిదని మా అభిప్రాయం.

అందుకే అధ్యక్షుడి రికార్డు చూసేటప్పుడు ఆయన వెళ్ళాడా అని అడిగి ఊరుకోకుండా, ఆయన వెళ్ళకపోతే ఎవరు వెళ్ళారు, వాళ్ళకు తర్వాత ఏం చేశాడు అని కూడా అడగాలంటాం. ఇలా రాసుకుంటుంటే పరుగుకు వెళ్ళే మిత్రుడొకడు అడ్డం తగిలాడు. "అలాంటి చట్టం మన దగ్గర వస్తే కాలేజీలో ఉన్న మనం ఆగిపోతాం. పదో తరగతితో మానేసి పత్తి చేలకు పోయిన మన క్లాసువాళ్ళు వెళ్తారు. అప్పుడు మనం క్లింటన్ వైపా, బెనిన్‌స్కీ వైపా?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీలో ఇదే అంశం పెట్టమని వార్డెన్ గారిని కోరుతున్నాం: చదువుకునేవాడికి యుద్ధం నుంచి మినహాయింపు న్యాయమేనా?