స్టీరింగు ముందే రోజంతా.. నడకకు వేళేదీ?
ఆర్టీసీ డ్రైవర్లలో పట్టించుకోని ‘కుర్చీ’ జబ్బు

కరీంనగర్: ఒకే బస్సు. ఒకే దారి. దుమ్మూ ధూళీ, ఎండా వానా ఇద్దరికీ సమానమే. అయినా డ్రైవరు శరీరం, కండక్టరు శరీరం ఒకే తీరున వయసు మీరవు. ఒకరు సీటు కదలరు. మరొకరు టిక్కెట్లు కొడుతూ ముందు నుంచి వెనక్కు, వెనక నుంచి ముందుకు తిరుగుతూనే ఉంటారు. ఈ తేడాను వైద్యలోకం గుర్తించి ఏడు దశాబ్దాలు దాటింది. లండన్ రవాణా సిబ్బందిపై జెర్రీ మోరిస్ బృందం జరిపిన పరిశోధన 1953లో ‘లాన్సెట్’లో వెలువడింది. రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని ఉండే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువని అది తేల్చింది.

ఇందులో ఓ మెలిక లేకపోలేదు. 1956లో అదే బృందం సిబ్బంది యూనిఫారాల కొలతలు పరిశీలించింది. డ్రైవర్ల నడుము చుట్టుకొలత అన్ని వయసుల్లోనూ కండక్టర్లను మించి ఉంది. అంటే సీటు ఒక్కటే దోషి కాకపోవచ్చు, లావుపాటి వారే డ్రైవర్లుగా చేరి ఉండవచ్చు. అయితే ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు సైతం కదలిక లేని కొలువును నిర్దోషిగా వదిలిపెట్టలేదు.

అలసట వేరు.. వ్యాయామం వేరు

కూర్చుని చేసే కొలువనగానే అందరి చూపూ మాదాపూర్ వైపే మళ్లుతుంది. అందుకు కారణమూ ఉంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్లు 2025లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. డ్రైవరుదీ కూర్చునే పనేనన్న సంగతి మాత్రం ఎవరికీ స్ఫురించదు. అంత పెద్ద బండిని తిప్పేవాడు కష్టజీవి, కష్టజీవికి వేరే వ్యాయామమెందుకన్న భావన జనంలోనే కాదు, డ్రైవర్లలోనూ పాతుకుపోయింది. డ్యూటీ దిగేసరికి ఒళ్లు హూనమయ్యే మాట నిజమే. కానీ భుజాలు, మెడ, నడుము బిగుసుకుపోవడం వల్ల వచ్చే ఆ అలసట గుండెకు గానీ, కాళ్లలోని పెద్ద కండరాలకు గానీ ఒరగబెట్టేది శూన్యం.

కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌కు సుమారు 160 కిలోమీటర్లు. ఎక్కడా ఆటంకం లేకున్నా మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. వెళ్లి రావడమంటే పగలంతా సీట్లోనే. పాత బస్సుల్లో పక్కనే ఇంజన్ సెగ. దారిలో మూత్రవిసర్జనకు వసతి దొరకదన్న భయంతో నీళ్లు తాగడం తగ్గించుకునే వారెందరో. మహిళా కండక్టర్ల అవస్థ ఇక చెప్పనవసరం లేదు. అన్నం వేళకు అన్నం ఉండదు. బస్టాండు క్యాంటీన్‌లో పూరీయో, మిర్చి బజ్జీయో, ఆపై చక్కెర దండిగా వేసిన చాయ్. నైట్ అవుట్ డ్యూటీ అయితే పల్లెలోనే నిద్ర, తెల్లవారకముందే మళ్లీ స్టీరింగు. మధుమేహానికీ, రక్తపోటుకూ ఇంతకంటే అనువైన దినచర్య ఉండదు.

గంట నడక.. ఎక్కడి నుంచి తేవాలి?

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునే వారికి ఇది చాలదని, అదనపు ముప్పును పూడ్చాలంటే రోజూ 60 నుంచి 75 నిమిషాల శ్రమ కావాలని పది లక్షల మందికి పైగా వివరాలను క్రోడీకరించిన 2016 నాటి విశ్లేషణ సూచించింది. తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరే వ్యక్తికి ఆ గంట ఎక్కడిది?

గమ్యం చేరాక పది నిమిషాలు ప్లాట్‌ఫాం వెంట చకచకా నడవడం, భుజాలు, నడుము సాగదీయడం, చాయ్‌కి బదులు నీళ్లు తాగడం వంటివి డ్రైవరు చేతిలో ఉన్నవే. కానీ ట్రాఫిక్‌లో పావుగంట ఆలస్యమైతే మొదట కోతపడేది ఈ విరామానికే. అయిదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలని, 2025లో రద్దయ్యే దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్దేశించింది. కాగితంపై ఉన్న ఆ అరగంట రద్దీ వేళల్లో రోడ్డు మీద ఎంత మిగిలేదో డ్రైవర్లకే ఎరుక. కండక్టరు లేని సర్వీసుల్లో టిమ్ యంత్రంతో టిక్కెట్లిచ్చే పనీ డ్రైవరు నెత్తినే పడింది. బస్సు ఆగినా చేతికి విరామం లేదు. ఇది బద్ధకం సమస్య కాదు, సర్వీసుల వేళలు రూపొందించే బల్ల దగ్గర తేలాల్సిన సమస్య.

పరీక్షంటే బెరుకు

టీఎస్‌ఆర్టీసీగా ఉన్నప్పుడే సంస్థ 2022లో ‘గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్’ పేరిట సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు చేపట్టింది. మెచ్చదగిన ప్రయత్నమే. అయితే షుగరో, చూపు లోపమో బయటపడి ‘అన్‌ఫిట్’ ముద్ర పడితే బతుకు ఏమవుతుందన్న బెంగ డ్రైవరును వెంటాడుతూనే ఉంటుంది. పరీక్ష అంటే ఉద్యోగానికి ఎసరు అనుకునే వ్యక్తి జబ్బును దాచుకుంటాడే తప్ప చూపించుకోడు. ఆ దాపరికంతో నడిచే బస్సులో వెనక ప్రయాణికులు కూర్చుని ఉంటారు. వర్ణాంధత్వం కారణంగా ఉద్యోగం కోల్పోయిన ఓ డ్రైవరుకు ప్రత్యామ్నాయ కొలువు ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఈ తీర్పు సారాంశం డిపోల నోటీసు బోర్డులపైకి ఎక్కితే పరీక్షకు వచ్చేవారి బెరుకు కొంతయినా తగ్గుతుంది.

సంస్థ డ్రైవర్లకు కనీసం తార్నాక ఆసుపత్రి ఉంది. అద్దె బస్సులు, కొత్తగా వస్తున్న విద్యుత్ బస్సులు నడిపేవారు యజమానుల, ప్రైవేటు ఆపరేటర్ల మనుషులు. అదే బస్టాండు, అదే రోడ్డు, అవే గంటలు. వారి నడుం నొప్పి, షుగరు లెక్క మాత్రం ఏ డిపో రిజిస్టర్‌లోనూ కనిపించదు.