డిలీట్ కొట్టే ముందు.. ఒక్క నిమిషం!

పోయిన నెల్లో ఓ రాత్రి అక్క ఫోన్ చేసింది. ‘‘ఒరేయ్, నా పెళ్లి వీడియో రెండో పార్ట్ నీ దగ్గరుందిగా.. పంపరా. తాతయ్యని చూడాలనుంది’’ అంది. తాతయ్య పెద్దకర్మ అయి, చుట్టాలంతా వెళ్లిపోయిన రోజది.

ఫోన్లో ఫైల్ ఉంది. నొక్కితే ‘ఈ వీడియో ప్లే చేయలేం’ అని వచ్చింది. మూడు ప్లేయర్లు మార్చినా అదే మాట. అక్క దగ్గరున్న పెన్‌డ్రైవ్ ఇల్లు మారినప్పుడే పోయింది. ఫొటో స్టూడియోకి ఫోన్ చేస్తే, ‘‘అంత పాతవి హార్డ్‌డిస్క్‌లో ఉంచం తమ్ముడూ, లింక్ కూడా తీసేశాం’’ అన్నారు. అంటే మిగిలిన ఒకే ఒక్క కాపీ నాది. అదీ పాడైంది! ఏం చెప్పాలో తెలీక ‘‘రేపు పంపుతా అక్కా’’ అనేశా.

ఆ ‘రేపు’ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈ నాలుగు రోజుల్లో నేర్చుకున్నదే ఈ వారం మీతో చెప్తున్నా.

అసలేం పాడైంది?

ముందు సైజు చూశా. స్టూడియో వాళ్లు అప్పట్లో పెట్టిన మెసేజ్‌లో రెండో పార్ట్ 2.9 జీబీ అనుంది. నా ఫోన్లో ఉన్నది 2.6 జీబీ. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయింది, నేను గమనించలేదు. సరే, 90 శాతం వచ్చింది కదా, ఆ 90 శాతమైనా ఆడాలిగా? ఆడదు. ఎందుకో చెప్తా.

ఎంపీ4 ఫైల్‌ని ఓ లావుపాటి పుస్తకం అనుకోండి. బొమ్మ, సౌండ్ లోపలి పేజీలు. ఏ సీన్ ఎక్కడుంది, ఏ పద్ధతిలో కుదించారు, ఏ సౌండ్ ఏ బొమ్మతో కలవాలి.. ఇవన్నీ చెప్పే విషయసూచిక వేరే ఉంటుంది. దాని పేరు ‘మూవ్’. రికార్డింగ్ అంతా అయ్యాకే లెక్క తేలుతుంది కాబట్టి చాలా ఫైళ్లలో దాన్ని చిట్టచివర రాస్తారు. డౌన్‌లోడ్ తెగితే ముందు పోయేది ఆ చివరే. పేజీలన్నీ ఉన్నా సూచిక లేక ప్లేయర్ చేతులెత్తేస్తుంది.

అందుకే ప్లే కానంత మాత్రాన వీడియో పోయిందని డిలీట్ కొట్టకండి. ఎంకేవీ ఫైళ్లు ఈ విషయంలో కాస్త నయం. సగమే వచ్చినా ఆ సగం దాదాపు ఆడేస్తాయి.

వరసగా ఇలా చూడండి

లింక్ బతికుంటే మళ్లీ డౌన్‌లోడ్ చేయడమే అసలైన రిపేర్. లింక్ లేకపోతే ముందు ఆ పాడైన ఫైల్‌కి ఓ కాపీ తీసి పక్కన పెట్టండి. ప్రయోగాలన్నీ కాపీ మీదే.

తర్వాత సైజు. నిమిషాల కొద్దీ ఉండాల్సిన వీడియో కొన్ని కేబీలే ఉంటే అది వీడియో కాదు, ఏదో వెబ్ పేజీ వీడియో పేరుతో సేవ్ అయి ఉంటుంది. దాన్నెవరూ బాగుచేయలేరు.

సైజు బాగుంటే వీఎల్‌సీలో పెట్టి చూడండి. 1996లో పారిస్ దగ్గర ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ ప్లేయర్ ఇప్పటికీ ఉచితమే. పాత ఏవీఐ ఫైల్‌కి సూచిక దెబ్బతింటే కంప్యూటర్లో ఇది తనే సరిచేసి ఆడిస్తుంది.

ఆడుతూనే తడబడుతుంటే, జరిపితే ఆగిపోతుంటే.. ‘ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్’ అనే ఉచిత టూల్ ఉంది. ఇందులో ‘కాపీ’ పద్ధతి వాడితే బొమ్మని ముట్టుకోకుండా డబ్బా మాత్రం మార్చి కొత్త సూచిక రాస్తుంది. కాసేపట్లో అయిపోతుంది, క్వాలిటీ తగ్గదు.

నాలాగా సూచిక పూర్తిగా పోతే దానికీ ఓ దారుంది. ‘అన్‌ట్రంక్’ అని ఇంకో ఉచిత టూల్. దీనికి పాడైన ఫైల్‌తో పాటు, అదే కెమెరాతో లేదా అవే సెట్టింగ్స్‌తో తయారైన మంచి ఫైల్ ఒకటివ్వాలి. దాన్ని చూసి దీనికి సూచిక అల్లుతుంది. నా అదృష్టం, పెళ్లి వీడియో మొదటి పార్ట్ చక్కగా ఉంది. ఫ్రెండ్ లాప్‌టాప్ తెచ్చి రెండూ ఇచ్చా. మూడోసారికి బొమ్మ వచ్చింది!

టీవీలో ఆడాలంటే..

అక్క దాన్ని టీవీకి పెడితే సౌండ్ వస్తోంది, బొమ్మ లేదు. ఫైల్ బాగానే ఉంది, కానీ బొమ్మని కుదించిన పద్ధతి, అదే కోడెక్, 2013లో వచ్చిన హెచ్.265. వాళ్ల పాత టీవీకి తెలిసింది 2003 నాటి హెచ్.264. ఇలాంటప్పుడే నిజంగా కన్వర్ట్ చేయాలి. ‘హ్యాండ్‌బ్రేక్’లో ఫైల్ వేసి హెచ్.264 ఎంచుకుని రాత్రంతా వదిలేశా.

ఫైల్ పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాస్తే కన్వర్ట్ అయినట్టు కాదు. సీసా మీద లేబుల్ మారుస్తే లోపలి నూనె నెయ్యి అవుతుందా? అలాగే కన్వర్ట్ చేస్తే క్లారిటీ పెరగదు, కాస్త తగ్గుతుంది. అందుకే అసలు ఫైల్ ఎప్పుడూ దాచుకోండి. 4 జీబీ దాటిన ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే అది ఫ్యాట్32లో ఉందని అర్థం. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాలి, దాంతో లోపలున్నవి చెరిగిపోతాయి. టీవీకి ఎక్స్‌ఫ్యాట్ చదవడం వచ్చో లేదో కూడా చూసుకోండి.

ఒక హెచ్చరిక. ‘వీడియో ఆడాలంటే ఈ యాప్ వేసుకోండి’ అని వచ్చే లింకుల్ని నొక్కొద్దు. ఊరూపేరూ తెలీని రిపేర్ సైట్లకి ఇంటి వీడియోలు ఎక్కించొద్దు.

ఇంతకీ అక్క చూసింది. అప్పగింతలప్పుడు తాతయ్య అక్క చెయ్యి బావ చేతిలో పెట్టి, పక్కకి తిరిగి కండువాతో కళ్లు తుడుచుకోవడం.. అది వచ్చింది. అక్కడక్కడా మాటకీ పెదవికీ పొంతన లేదు. చివరి కొన్ని నిమిషాలు అసలు రాలేదు. ఇంటిల్లిపాదీ తాతయ్య చుట్టూ నిలబడ్డ గ్రూప్ ఫొటో సీన్ అందులోనే ఉంది. డౌన్‌లోడ్ కానిదాన్ని ఏ టూలూ పుట్టించలేదు.

ఆ రోజు డౌన్‌లోడ్ అవగానే ఒక్కసారి చివరి నిమిషానికి జరిపి చూసుంటే, లింక్ బతికుండగానే మళ్లీ తీసుకునేవాణ్ని. పది సెకన్ల పని. మీ ఫోన్లో ఉన్న ఇంటి వీడియోలకి ఇవాళే ఆ పని చేయండి. ఆడినవాటికి ఇంకో కాపీ వేరేచోట పెట్టండి.